రేవు చూసే మనిషి

సాల్వోర్‌కి ఆ ఏరంటే భయం లేదు, విసుగు. భయపడేవాళ్ళు ఏటికి దూరంగా ఉంటారు, అంతటితో వాళ్ళ పని అయిపోతుంది. విసుగు పుట్టినవాళ్ళకి ఆ సుఖం కూడా లేదు. తెల్లారగానే లేవాలి, నిన్నటి తడి ఆరని ఉన్ని మేజోళ్ళలోకే కాళ్ళు దూర్చాలి, ఇనప ముల్లు బిగించిన కర్ర పట్టుకుని దాని మొహం చూడటానికి పోవాలి. కట్టుకున్న మొగుణ్ణి కూడా ఏ ఆడదీ ఇంత శ్రద్ధగా చూసి ఉండదు. సాల్వోర్‌కి మొగుడు లేడు. ఉన్నది ఈ ఏరూ, ఒక అన్నయ్యా.

ఏటి పేరు యోకుల్సా. పైన మంచుకొండ కడుపులోంచి బూడిదరంగు నీళ్ళతో పుట్టి, కొండ దిగేదాకా బుద్ధిగా ఒకే పాయగా ఉంటుంది. నల్ల ఇసుక మైదానంలో కాలు పెట్టిందో లేదో దాని నడవడి మారిపోతుంది. పది పాయలవుతుంది, పదిహేనవుతుంది, రెండు కలుస్తాయి, మూడు విడిపోతాయి. సముద్రం చేరేదాకా ఒక పూట పోయిన దారిన ఇంకో పూట పోదు. నిన్న గుర్రానికి మోకాలి లోతున్న చోట ఇవాళ గుర్రమే కనిపించదు. వంతెన కడతామని ఇంతవరకూ ఎవరూ ముందుకు రాలేదు. కట్టినా ఏరు దాని పక్కనుంచి పోయి వేళాకోళం చేస్తుందని మావాళ్ళ నమ్మకం.

తూర్పు ఒడ్డున ఆఖరి ఇల్లు హామార్. వచ్చేపోయే మనుషుల్ని ఏరు దాటించడం ఆ ఇంటివాళ్ళ పని. తాత చేశాడు, తండ్రి చేశాడు, ఇప్పుడు అరవై రెండేళ్ళ ఇల్లుగి చేస్తున్నాడు. "హామార్ ఇల్లుగి కళ్ళు మూసుకుని కూడా దాటించేస్తాడు" అని జిల్లా అంతా చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా చెల్లెలు సాల్వోర్‌కి నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

ఎందుకంటే నాలుగేళ్ళ కిందటే ఇల్లుగి కళ్ళకి పొర కమ్మింది. వెలుగూ నీడా తెలుస్తాయి, కొండ ఎటుందో తెలుస్తుంది, నీళ్ళు మాత్రం కనపడవు. నీళ్ళు కనపడనివాడు ఈ పని చెయ్యకూడదు. నునుపుగా మెరిసే నీరు లోతు. ముడతలు పడుతూ వెడల్పుగా పారే నీరు పలుచన. నీరు అప్పుడే తప్పుకున్న ఇసుక పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపలంతా జావ, గుర్రాన్ని పొట్టదాకా మింగుతుంది. ఇదంతా కంటితో చూసి తేల్చుకోవాల్సిందే. అందుకని ప్రయాణికులు ఉన్న రోజున సాల్వోర్ ముందుగా పోయి, చివరి పాయదాకా ఎక్కడెక్కడ దిగి దాటొచ్చో రేవు చూసి, తిరిగొచ్చి గొడ్ల చావిట్లో అన్నయ్యకి అప్పజెప్పేది. అతను ఒక్కసారి వింటే మరిచిపోడు, అది మాత్రం ఒప్పుకోవాలి. తర్వాత గ్రాని అనే తెల్లగుర్రమెక్కి దర్జాగా ముందు నడుస్తాడు. సాల్వోర్ అందరికన్నా వెనక ఉంటుంది. అతను దారి తప్పుతున్నాడనిపిస్తే ఒక దగ్గు దగ్గుతుంది, అంటే ఎగువకి. రెండు దగ్గితే దిగువకి. పాపం ఆవిడకి ఊపిరితిత్తుల జబ్బని ప్రయాణికులు జాలిపడేవారు. ఒక డాక్టరైతే మందు కూడా పంపించాడు.

ఈ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే. ఇల్లుగి, సాల్వోర్, ఇల్లుగి భార్య గ్రోవా. గ్రోవా తనకి తెలియనట్టు ఉండేది, ఆ ఇంట్లో అదొక మర్యాద.

సాల్వోర్‌కి యాభై మూడేళ్ళు వచ్చాయి. మోకాళ్ళు చలికాలంలో వాచేవి, ఇప్పుడు వేసవిలోనూ వాస్తున్నాయి. ఏరు దాటి పడమటికి రెండు రోజులు నడిస్తే వీక్ అనే ఊరుంది. అక్కడ దీసా అనే చిన్ననాటి స్నేహితురాలు ఒక్కతే ఉంటోంది, వచ్చి తనతో ఉండమని రెండేళ్ళుగా రాస్తోంది. వీక్‌లో ఏరు లేదు. సముద్రం ఉంది గానీ సముద్రాన్ని దాటించమని ఎవరూ తలుపు తట్టరు. చలికాలమంతా అన్నాచెల్లెళ్ళు ఈ విషయమే వాదించుకున్నారు. చివరికి ఒప్పందం కుదిరింది. ఆగస్టు టపాతో సాల్వోర్ వెళ్ళిపోతుంది. ఇల్లుగి మోకాళ్ళు పనిచెయ్యడం లేదని చెప్పి పని మానేస్తాడు, పక్క ఇంటి స్టూర్లా అందుకుంటాడు. కళ్ళ మాట మాత్రం బయటికి పొక్కకూడదు. నాలుగేళ్ళు గుడ్డివాడు జనం ప్రాణాలతో ఆడుకున్నాడని అంటారని ఇల్లుగి భయం. అంటారు కూడా.

ఒక్క విషయంలో మాత్రం అతను మొండికేశాడు. "నా చెల్లెల్ని నేనే దాటిస్తా. తిరిగి రావడానికి గ్రాని ఉంది, దానికి ఇల్లు తెలుసు" అన్నాడు. కాదనడానికి సాల్వోర్‌కి ఓపిక లేకపోయింది.

ప్రయాణం రోజు పొద్దున్న ఆవిడ రేవు చూసి వచ్చేసరికి ఆరున్నరయింది. ఇల్లుగి ఆవు పొట్టకి నుదురానించి పాలు పితుకుతున్నాడు.

"ఊఁ, చెప్పు."

"పదకొండు పాయలు. మొదటి అయిదూ పిల్లకాలవలు, తిన్నగా పో. ఆరోది పెద్దది. నల్లబండ దాటాక దిగు, నీటివాలుని పట్టుకుని ఏటవాలుగా పో. గుర్రం పొట్ట తడుస్తుంది, అంతే. తిన్నగా పోయావా, గుంట ఉంది."

"ఆరోది. నల్లబండ. ఏటవాలు."

"అది దాటితే తక్కినవి లెక్కలోవి కావు. గట్టు ఎక్కేటప్పుడు మాత్రం ఎడమచేతి ఇసుక జావగా ఉంది, కుడికి జరుగు."

"నీళ్ళ రంగెలా ఉంది?"

"రోజూ ఉండేదే. అంట్లు కడిగిన నీళ్ళు."

"ఎండ కాస్తుందివాళ. నా వీపుకి తెలుస్తోంది."

"అందుకే ఎనిమిదింటికల్లా కదలాలన్నయ్యా. మధ్యాహ్నానికి పైన కరిగిన మంచు నీరంతా దిగుతుంది, నేను చూసిన రేవు ఉండదు."

"నాకు చెబుతున్నావా? నువ్వు పుట్టకముందు నుంచీ తెలుసు నాకీ ఏరు."

"అప్పుడు నువ్వు చూసిన ఏరు సముద్రంలో కలిసి చాలా కాలమైంది" అని సాల్వోర్ పాలచెంబు అందుకుంది.

ఎనిమిదింటికి కదిలి ఉంటే ఈ కథ లేదు. కానీ గ్రోవా కాఫీ పెట్టింది. ఆడపడుచు ఇల్లు విడిచిపోతోందని దోసెల్లాంటి పల్చటి తీపి అట్లు యాభై పోసింది. మా వైపు రెండు కప్పులు తాగి లేచినవాణ్ణి కోపమొచ్చి వెళ్ళాడంటారు. మూడోది తాగాలి, మధ్యలో వాతావరణం గురించీ గొర్రెల గురించీ మాట్లాడాలి. టపా మనిషి కోల్బెయిన్ ఎర్రగడ్డం, గట్టి గొంతు, తిండిపుష్టి. అతనితో ఆస్గెయిర్ అని ఒక బడిపంతులు వచ్చాడు. వీక్‌లో కొత్తగా ఉద్యోగం. అతనికి కిటికీలోంచి ఏరు కనపడుతోంది. కాఫీ ఇష్టమై తాగాడో, దాటడం వాయిదా పడుతుందని తాగాడో గానీ నాలుగో కప్పు కూడా అడిగాడు.

"తాగండి బాబూ, తాగండి" అంది గ్రోవా, కళ్ళొత్తుకుంటూ. "ఈ ఇంట్లో అడిగేవాళ్ళు ఉన్నంతవరకే. వీక్‌లో దీసా చేతి కాఫీ తాగితే మా ఆడపడుచుకి నా విలువ తెలుస్తుంది."

"దీసా కాఫీ బాగానే పెడుతుంది వదినా."

"విన్నావా కోల్బెయిన్? ఇంకా గుర్రం ఎక్కలేదు, అప్పుడే అటువైపు మాట్లాడుతోంది!"

సాల్వోర్ రెండుసార్లు గడియారం వంక చూసింది. మూడోసారి చూడలేదు. ఇవాళ తను ప్రయాణికురాలు. ప్రయాణికులు గడియారం చూడరు, నీళ్ళూ చూడరు, ముందున్న గుర్రం తోక చూస్తారు. జీవితంలో ఒక్కసారైనా అలా దాటాలని ఆవిడకి ఎంత ఆశగా ఉందో చెప్పలేను. వాళ్ళు గుర్రాలెక్కేసరికి పదకొండున్నర దాటింది.

ముందు ఇల్లుగి. వెనక కోల్బెయిన్, టపా గుర్రాలు రెండు. రెండోదాని మీద సాల్వోర్ పెట్టె. తర్వాత పంతులు. ఆఖరున బ్లేసా అనే తన ముసలి గుర్రం మీద సాల్వోర్. ఎండ నిజంగానే మండుతోంది. కాలవలు దాటుతుంటే గుర్రాల గిట్టల చప్పుడు ఎప్పటిలాగే ఉంది. సాల్వోర్ చూడకూడదనుకుంటూనే చూసింది, ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? నీళ్ళు పెరిగాయి. రెండో కాలవా మూడో కాలవా ఒక్కటైపోయాయి. పొద్దున్న అయిదున్న చోట ఇప్పుడు నాలుగే ఉన్నాయి.

ముందున్న మనిషి కాలవల్ని లెక్కపెట్టుకుంటూ పోతున్నాడు.

నాలుగు దాటాడు. ఇప్పుడు ఎదురుగా ఉన్నది అతని లెక్కలో అయిదోది, పిల్లకాలవ, తిన్నగా పోవాల్సింది. ఆవిడ రెండు దగ్గులు దగ్గింది. ఏటి హోరులో ఆ దగ్గు ఆవిడకే వినపడలేదు. మళ్ళీ దగ్గింది, గొంతు చించుకుని.

"జలుబా సాల్వోర్?" అన్నాడు కోల్బెయిన్ వెనక్కి తిరిగి. "దీసా దగ్గర పొగాకు పీల్చు, పోతుంది!"

గ్రాని అంచున ఆగిపోయింది. చెవులు వెనక్కి పెట్టి ముందుకి రానంది. దానికి తెలుసు. ఇల్లుగి మడమతో దాని డొక్కలో ఒక్కటి తన్నాడు.

అప్పుడు సాల్వోర్ అరిచింది. "అన్నయ్యా, ఆగు! అది ఆరోది! అది ఆరోదే!"

అప్పటికే గ్రాని దిగింది. రెండడుగులు వేసి గుంటలోకి జారింది. తెల్లటి మెడా, దాని మీద పడుకున్నట్టున్న ఇల్లుగీ మాత్రమే పైన మిగిలారు. ప్రవాహం ఆ రెంటినీ పక్కకి తోసుకుపోతోంది. సాల్వోర్ ఆలోచించలేదు. పంతుల్నీ టపా గుర్రాల్నీ దాటుకుని బ్లేసాని ముందుకి తోలి, నల్లబండ కిందుగా నీటివాలున దింపింది. గుంట చివర నీరు పలచబడే చోటు పొద్దున్న చూసి పెట్టుకున్నది. అక్కడ అడ్డంగా నిలబడి, కొట్టుకొచ్చిన గ్రాని పగ్గాన్ని కర్ర ముల్లుతో లాగి పట్టుకుంది. మంచుగడ్డ ఒకటి ఆవిడ తొడకి తగిలి పోయింది. గ్రాని కాళ్ళకి నేల అందింది.

"జూలు వదలకు!" అంది అన్నయ్యతో. వెనక్కి తిరిగి, "కోల్బెయిన్, నా వెనకే రా! పంతులుగారూ, నీళ్ళ వంక చూడకండి, కళ్ళు తిరుగుతాయి! ఆ కొండ చూడండి, కొండ!"

పంతులు అప్పటికే నీళ్ళ వంక చూశాడు. జీను మీద ఒక పక్కకి ఒరిగిపోతున్నాడు. కోల్బెయిన్ అతని కోటు కాలరు పట్టుకుని ఆవలిదాకా అలాగే తీసుకొచ్చాడు. తక్కిన పాయలన్నీ సాల్వోరే ముందు నడిచింది.

పడమటి ఒడ్డున అందరూ దిగారు. పంతులు నాలుగో కప్పుతో సహా కక్కేశాడు. కోల్బెయిన్ గడ్డం పిండుకుంటూ ఇల్లుగి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏం ఇల్లుగీ, గుర్రం వద్దని మొత్తుకుంటుంటే తన్ని మరీ దింపావు. తాగావా?"

సాల్వోర్ ఏదో అబద్ధం కోసం వెతుక్కుంటోంది. ఎండ కళ్ళలో పడిందనో, నీటి మెరుపనో. ఆ లోపే ఇల్లుగి చెప్పేశాడు.

"నాకు కనపడదు కోల్బెయిన్. నాలుగేళ్ళయింది."

"ఏం కనపడదు?"

"ఏదీ కనపడదు. నీ గడ్డం ఎర్రగా ఉందని గుర్తు, అంతే."

కోల్బెయిన్ గడ్డం పిండుకోవడం ఆపేశాడు. "మరి పోయిన వసంతంలో డాక్టరుని దాటించింది?"

"ఇదే." అన్నయ్య వేలు చెల్లెలున్న వైపు చూపిస్తోంది, కొంచెం పక్కకి.

"బిషప్ వచ్చినప్పుడు, పద్నాలుగు గుర్రాలు?"

"ఇదే. రేవు చూసేది ఇది, నేను గుర్రమెక్కి కూర్చునేవాణ్ణి. దొంగతనం అనుకో, ఇంకేమైనా అనుకో."

కోల్బెయిన్ చాలా తిట్టాడు, అవన్నీ ఇక్కడ రాయక్కర్లేదు. నా ప్రాణం అన్నాడు, టపా అన్నాడు, పెళ్ళాం పిల్లలన్నాడు. ఇల్లుగి తలవంచుకుని విన్నాడు. నాలుగేళ్ళుగా మోస్తున్నది దింపుకున్నందుకు సాల్వోర్‌కి తేలిగ్గా అనిపించింది, ఏడుపూ వచ్చింది. తిట్లు అయిపోయాక కోల్బెయిన్ ఒక నిట్టూర్పు విడిచి ఆవిడ వైపు తిరిగాడు.

"సరే, అయిందేదో అయింది. వచ్చే గురువారం నేను వెనక్కొస్తా. నువ్వు ఈ ఒడ్డుకొచ్చి ఉంటావుగా సాల్వోర్?"

పంతులు కూడా ఆశగా ఆవిడ వంకే చూశాడు. నీకిది ఇష్టమా అని అడిగినవాడు లేడు. అడిగింది గురువారం గురించే. ఆవిడ ఇంతకాలం పేరు లేకుండా చేసిన చాకిరీ ఇకమీద పేరు పెట్టుకుని చెయ్యాలి, అంతే తేడా.

"ఉండను" అంది సాల్వోర్. "గురువారానికి స్టూర్లా ఉంటాడు. అతనికి కళ్ళున్నాయి."

మరైతే ఇప్పుడు ఇల్లుగిని ఎవరు తీసుకెళతారు? ఆ మాట ఎవరూ అనలేదు గానీ అందరూ అనుకున్నారు. గ్రాని కుంటుతోంది, నీళ్ళు ఇంకా పెరుగుతున్నాయి. ఇంకో గంట ఆగితే రేపటిదాకా దాటేది లేదు. టపా ఆగదు.

"నేనిక్కడే కూర్చుంటా" అన్నాడు ఇల్లుగి. "స్టూర్లా ఎప్పుడొస్తే అప్పుడే పోతా. నువ్వెళ్ళు."

"తడిబట్టలతో? ఈ గాలికి? రేపటికి ఎండుచేపవి అయిపోతావు."

"నా చావు నేను చస్తా. వెళ్ళవే."

సాల్వోర్ టపా గుర్రం మీదున్న పెట్టె వంక చూసింది. "దాన్ని దీసా ఇంట్లో దింపెయ్ కోల్బెయిన్" అంది. వాళ్ళు ఇసుకలో చిన్నగా అయిపోయేదాకా కూడా నిలబడలేదు. పెట్టె వీక్ దారి పట్టింది, పెట్టె గలావిడ వెనక్కి తిరిగింది.

ఆ తిరుగు ప్రయాణం రెండు గంటలు పట్టింది. పాయలు చీలి పలచబడే చోటు కోసం బాగా ఎగువకి పోవాల్సొచ్చింది. సాల్వోర్‌కి మోకాళ్ళున్నాయన్న సంగతి కూడా తెలియడం లేదు, అంత తిమ్మిరి.

"లెక్క తప్పానా?" అని అడిగాడు ఇల్లుగి నడి ఏట్లో.

"నువ్వు తప్పలేదు. ఏరే రెంటిని కలిపేసుకుంది."

"గుర్రాన్ని తన్నాను. ఇన్నేళ్ళలో ఏ గుర్రాన్నీ తన్నలేదు."

"ఊఁ."

"నీ దారికి నేనే అడ్డమయ్యాను సాల్వోర్."

"అయ్యావు. ఇప్పుడు నోరు మూసుకుని జూలు పట్టుకో."

ఒడ్డున గ్రోవా కంబళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. జరిగింది విని ఏడ్చింది, మొగుణ్ణి కంబళిలో చుట్టింది, సాల్వోర్ మేజోళ్ళు తనే లాగింది. కాఫీ కాచింది, మళ్ళీ.

"నీ పక్క తియ్యలేదులే" అంది, కప్పు చేతికిస్తూ. "నాకు తెలుసు నువ్వొచ్చేస్తావని."

ప్రేమగానే అంది. సాల్వోర్‌కి మాత్రం ఏట్లో కూడా పుట్టని వణుకు అప్పుడు పుట్టింది. తను గుర్రమెక్కి, కళ్ళొత్తుకుని, కౌగిలించుకుని వెళ్ళినా ఈ ఇంట్లో ఎవరూ దాన్ని నమ్మలేదన్నమాట. బహుశా తనూ నమ్మలేదు. ఆ సాయంత్రం ఇల్లుగి స్టూర్లాకి కబురు పంపించాడు, కళ్ళ సంగతి కూడా చెప్పి రమ్మన్నాడు. స్టూర్లా వచ్చి సరేనని పోయాడు. సాల్వోర్ ఆ మాటలు విన్నది గానీ తలకెక్కించుకునే ఓపిక లేక, గ్రోవా తియ్యకుండా ఉంచిన పక్క మీదే పడుకుని నిద్రపోయింది.

మర్నాడు నాలుగింటికే మెలకువ వచ్చింది. బయట తెల్లగా తెల్లారి ఉంది. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉన్నా కాళ్ళు వాటంతట అవే తడి మేజోళ్ళలో దూరాయి, చేతులు కర్ర అందుకున్నాయి. బ్లేసాకి జీను బిగిస్తుంటే గ్రోవా పాలచెంబుతో చావిట్లోకి వచ్చింది.

"ఇదేమిటమ్మా? ఇవాళ దాటేవాళ్ళెవరూ లేరుగా? ఎవరి కోసం రేవు చూడటం?"

సాల్వోర్ చేతులు జీను పట్టీ మీద ఆగిపోయాయి. నిజంగానే అలవాటు కొద్దీ లేచింది, ఎవరి కోసమో తనకీ తెలియదు. చలికాలమంతా టపా రోజు కోసం కాచుకుంది, అన్నయ్య ఒప్పుకోవాలని కాచుకుంది, తోడు కోసం కాచుకుంది. తీరా చూస్తే ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ కలిపి, ఎవరి తోడూ లేకుండా ఈ ఏరు దాటగలిగిన మనిషి తనే. ఆ సంగతి ఇన్నేళ్ళూ తట్టనందుకు ఆవిడకి తన మీద తనకే ఒళ్ళు మండింది.

"నా కోసం వదినా" అంది.

గ్రోవాకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక చెంబు కింద పెట్టేసింది. లోపలికి పోయి మిగిలిన అట్లు గుడ్డలో మూట కట్టి తెచ్చింది. ఇల్లుగి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నేను ఒడ్డుదాకా రాను" అన్నాడు. "వస్తే మళ్ళీ ఏదో ఒకటి వాగి నిన్ను ఆపుతా."

"రావద్దు" అంది సాల్వోర్.

రాత్రి చలికి పైన మంచు కరగడం ఆగింది, ఏరు బాగా తగ్గింది. పాయలు తొమ్మిదే. సాల్వోర్ వాటిని ఎవరికీ అప్పజెప్పే పని లేకుండా చూసుకుంటూ పోయింది. మెరిసే చోట తప్పుకుంది, ముడతలు పడ్డ చోట దిగింది. దగ్గు రాలేదు. పెద్దపాయలో బ్లేసా ఒకసారి తడబడితే మెడ మీద తట్టింది, అది సర్దుకుంది. సూర్యుడు మంచుకొండ భుజం మీదికి వచ్చేసరికి పడమటి గట్టు ఎక్కింది.

ఎక్కగానే ఆవిడ కళ్ళెం లాగి గుర్రాన్ని వెనక్కి తిప్పింది. ఇన్నేళ్ళుగా ఈ గట్టు మీద చేసింది అదే కాబట్టి, చెయ్యి దానంతట అది తిప్పేసింది. ఏటి వంక చూస్తూ కాసేపు అలాగే కూర్చుంది. వెనక్కి తీసుకెళ్ళాల్సిన వాళ్ళు ఎవరూ లేరు. ఆవిడ మెల్లగా దిగి, మేజోళ్ళు విప్పి, వాటిలో నీళ్ళు పిండి ఇసుక మీద ఆరేసింది.